చివరి బంతి దాకా వాన్‌కోళి కూర

మా మిల్లు కార్మికుల ఇళ్ళ లైన్లో అంజలక్క చేతి వంట తినని ఇల్లు లేదు. పగలంతా రీలింగు సెక్షన్లో నూలు చుట్టేది. ఎవరింట్లో పెళ్ళో పేరంటమో వస్తే పొయ్యి దగ్గర నిలబడేది. పొడుగ్గా, ఎండిపోయినట్టుండే మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు గానీ, ఒకటి అనుకుందంటే ఆమెను కదిలించడం మేస్త్రీల వల్ల కూడా అయ్యేది కాదు.

నెలల తరబడి మూతపడిన మా కోయంబత్తూరు మిల్లును ఒక ఏడు మళ్ళీ తెరిచారు. ఆ సంతోషంలో లైన్లోని హిందువులు, క్రైస్తవులు కలిసి క్రిస్మస్‌కి విందు చేసుకుందామనుకున్నారు. మామూలు కోడి కాదు, దొరల బంగళాల్లో వండే టర్కీ కోడి కావాలన్నారు. మావాళ్ళు దాన్ని తమిళంలో లాగే వాన్‌కోళి అంటారు. లైన్ పెద్ద కుళందైసామి మేస్త్రీ వంట చేయబోయే అంజలక్కకు అప్పటికప్పుడే లెక్క తేల్చి చెప్పేశాడు.

"ఆరు చాలుమా. ఒక్కోటి మేకపిల్ల మాదిరి ఉంటాది."

అంజలక్క ఆ పక్షిని ఎన్నడూ వండలేదు. "ముందుగా ఒకటి వండి చూస్తానన్నా," అంది.

అన్నూరు నుంచి ఒకదాన్ని తెప్పించింది. ఈకలు పీకేసరికి చిక్కిపోయినట్టయింది. ఉడికించి ఎముకలు తీసేస్తే ఇంకా తగ్గింది. ఆ కూర తినడానికి ఆమె మగవాళ్ళను పిలవలేదు. విందుల్లో ఎప్పుడూ చివరి బంతిలో కూర్చునే ఆడవాళ్ళను పిలిచి, అడిగినంత వడ్డించింది. ముసలి కుప్పమ్మాళ్ ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమవ్వా, బాగా లేదా?"

"అది కాదుమా. ఎముక ఎక్కడుండాదని చూస్తా ఉండాను."

ఆ కూర పన్నెండు ఆకులకు వచ్చింది. విందుకు నూరు ఆకులు వెయ్యాలి. మరునాడు అంజలక్క మేస్త్రీ ఇంటికి వెళ్ళింది.

"తొమ్మిది కావాలన్నా."

"తొమ్మిదా! మగవాండ్లకి ఆరు ధారాళంగా చాలునే. మిగతావి ఎవురు తినేదానికి?"

"కడాసి బంతికి. ఆడవాండ్లకి."

"వాండ్లకి ఎప్పుడన్నా తక్కువ చేస్తిమా?"

అంజలక్క గడప దగ్గర బియ్యం చెరుగుతున్న మేస్త్రీ భార్య రామాయి వైపు చూసింది. ఆయనా అటు తిరిగాడు.

"ఏమే, పోయిన పెండ్లి విందులో నువ్వేం తింటివి?"

రామాయి చేట ఆపలేదు. "ఉత్త పులుసు. అంతకు ముందూ పులుసే."

కుళందైసామి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "సరి, తొమ్మిదే కొందాము. నేనూ వస్తాను, పద."

అన్నూరులో పక్షులు పెంచే పళనివేల్ తోక విప్పుకుని తిరిగే పెద్ద పుంజును ముందుకు తోశాడు. మేస్త్రీ కళ్ళు దాని మీదే నిలిచాయి. అంజలక్క వంగి దాని రొమ్ము తడిమి చూసింది. ఎముక అంచు చేతికి గుచ్చుకుంది. "దీంట్లో అంతా ఈకలే," అని వదిలేసి, చూపుకు చిన్నవైనా రొమ్ము నిండుగా ఉన్న పెట్టలను ఏరింది.

విందు రోజు లైన్ల మధ్య సందులో ఆకులు పరిచారు. అంజలక్క ఏ ఆకుకైనా ఒకే గరిటె కొలత అని వడ్డించేవాళ్ళకు చెప్పింది. మగవాళ్ళు తిని లేచారు. ఆడవాళ్ళు కూర్చునే సమయానికి కూర బకెట్టు కుళందైసామి చేతికి తీసుకున్నాడు. వంగి వంగి, తడబడుతూ వడ్డించాడు. కుప్పమ్మాళ్ ఆకు దగ్గరికి వచ్చేసరికి ఆమె తలెత్తి, "ఇంకొంచెం వెయ్యి నాయనా," అంది. విందులో ఆమె నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఆయన ఇంకో గరిటె వేశాడు. అందరూ తిన్నాక కూడా కూర మిగిలింది. అంజలక్కను రామాయి పక్కన కూర్చోబెట్టి ఆమెకూ ఆయనే వడ్డించాడు.

ఆ తర్వాత ఎవరింట్లో శుభకార్యం వచ్చినా ముందు అంజలక్కనే అడిగేవారు. దూరాన ఉన్న ఆండిపట్టి నుంచి కూడా మనుషులు వచ్చేవారు. మోకాళ్ళు పట్టేసి మిల్లు మానేశాక కూడా, వాకిట్లో మంచం మీద కూర్చుని, ఆ ఇంట్లో ఆఖర్న తినేవాళ్ళు ఎవరెవరో అడిగి అక్కడినుంచే లెక్క మొదలుపెట్టేది.