చదివినవారికో గడి

వీరవేణి గోళ్ళ సందుల్లో ఇప్పటికీ నర్సరీ మట్టే ఉంటుందని ఆమె ఆడపడుచు వెక్కిరిస్తుంది. వీరవేణి నవ్వి ఊరుకుంటుంది. అబద్ధమైతే కదా కోపం రావడానికి! పెళ్ళై కడియం వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ చేసింది మొక్కల పనే. కవర్లకి మట్టి నింపడంతో మొదలుపెట్టి, లారీలకెక్కే మొక్కలకి పేర్ల చీటీలు కట్టేదాకా ఎదిగింది. చీటీలు కట్టడం చిన్న పనేం కాదు. గులాబీ మొక్క ఏ రంగు పూస్తుందో పూసేదాకా తెలియదు. కొనేవాడు చీటీనే నమ్మాలి, కట్టినవాళ్ళు ఆ నమ్మకం నిలబెట్టాలి. వీరవేణి కట్టిన చీటీ తప్పిందని లారీవాళ్ళెవరూ తిరిగొచ్చి దెబ్బలాడిన పాపాన పోలేదు.

ఆ మట్టిలోనే కూర్చుని దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసింది. ఆ పైన గ్రంథాలయాల సర్టిఫికెట్ కోర్సు కూడా చదివింది. "ఈ వయసులో నీకిదేం పిచ్చే?" అన్నవాళ్ళందరికీ మజ్జిగిచ్చి మరీ సాగనంపింది. కోర్సయ్యాక అసలు పని నేర్పేవాళ్ళు కావాలి. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకి దగ్గర్లో కొందరు పెద్దవాళ్ళు కలిసి నడుపుకునే చిన్న లైబ్రరీ ఉంది. అందులో ఏసుపాదం మాస్టారు దొరకడం తన అదృష్టమని వీరవేణి ఈరోజుకీ అంటుంది. ఆవిడ అదృష్టాల గురించి ఊరికే మాట్లాడే మనిషి కాదు.

మాస్టారు కాలేజీ లైబ్రేరియన్‌గా రిటైరయ్యారు. లూథరన్ చర్చిలో పెద్ద. చేతికి వణుకొచ్చింది గానీ గొంతుకి రాలేదు. లైబ్రరీలో పాత కార్డుల పెట్టె తీసేసి కంప్యూటర్ పెట్టాక, అందులో పుస్తకానికో రికార్డు ఎలా తయారు చెయ్యాలో వీరవేణికి మొదట్నుంచీ నేర్పారు. రచయిత పేరుకో గడి, పుస్తకం పేరుకో గడి, అచ్చు వేసిన సంస్థకో గడి, విషయానికో గడి.

"ఈ గడులు పుస్తకం కోసం కాదమ్మా. పుస్తకం అలమరాలో హాయిగానే ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాడి కోసం. వాడొచ్చి దొరక్క వెనక్కిపోతే, పుస్తకం మన దగ్గరున్నా లేనట్టే" అన్నారు మొదటి రోజే.

వీరవేణి తలూపింది. అర్థమైందనే అనుకుంది పాపం.

వానాకాలం మొదట్లో సూరమ్మ అనే పెద్దావిడ ఆటోలో రెండు గోనెసంచుల పుస్తకాలు తెచ్చి లైబ్రరీకి ఇచ్చింది. ధవళేశ్వరం వైపు కాలవ మీద ఉండే మనిషి. భర్త పోయి ఏడాదైందట. అల్లుడు ఇంటికి రంగులు వేయిస్తూ ఆ పుస్తకాలు ఎక్కడ పెట్టాలంటే, ఎక్కడో ఎందుకు, పదిమంది చదివేచోట పెడదామని తెచ్చేసింది. సంచులు దింపించి, కళ్ళు తుడుచుకుని, అదే ఆటోలో వెళ్ళిపోయింది.

"ఈ సంచులు నీవే. నేను తొంగి కూడా చూడను" అన్నారు మాస్టారు.

ఒంటరిగా తనకప్పగించిన మొదటి పని. వీరవేణికి గాల్లో తేలినట్టయింది. పుస్తకాలన్నీ ఒకే తీరున గట్టి అట్టలతో, గుడ్డ వీపులతో బైండు చేయించి ఉన్నాయి. ప్రతి వీపు మీదా పైన పుస్తకం పేరు, కింద 'వాసంశెట్టి పల్లంరాజు' అని బంగారు అక్షరాలు. కొబ్బరి సాగు, హోమియో వైద్యం, డిటెక్టివ్ నవలలు, దేశచరిత్ర, జ్యోతిషం! ఈ పల్లంరాజెవరో గానీ మహానుభావుడనుకుంది. వీపులు చూసుకుంటూ, రచయిత గడిలో ఆ పేరే కొట్టుకుంటూ, కొసరు విషయాల కోసం మాత్రం లోపల నాలుగు పేజీలు తిప్పుతూ చకచకా ముగించేసింది. ఇన్నేళ్ళూ చీటీ చూసి మొక్కని నమ్మిన కళ్ళు మరి. బయట కట్టింది లోపలున్నదాని పేరే అనుకోవడం వాటికి అలవాటు.

ఓ గురువారం సూరమ్మ వచ్చింది. డాక్టరు దగ్గరకొచ్చి, అటు నుంచటే పుస్తకాల్ని చూసి పోదామని వచ్చిందట. వీరవేణి కుర్చీ వేసి, పల్లంరాజంటే ఆవిడ భర్తేనని మాటల్లో తెలుసుకుని, కంప్యూటర్లో ఆ పేరు కొట్టింది. తెర నిండా వరసగా పుస్తకాలు దిగాయి.

"చూడండి మామ్మగారూ, అన్నీ తాతగారి పేరు మీదే! ఎంత గొప్పవారండీ!"

సూరమ్మకి చూపు తక్కువ. తెరకి ముక్కు ఆనించినంత పని చేసింది. "ఇదంతా ఆయన పేరేనా? లాకుల దగ్గర గేట్లు ఎత్తి దించే లస్కరమ్మా ఆయన. ఆఫీసు రిజిస్టర్లో తప్ప ఆ పేరు ఎవరు రాశారని!" అంది. తెర మీది ఆ అక్షరాల్ని వేలితో తడిమింది.

కాలవ గేట్ల దగ్గర ఉద్యోగం చేస్తూ ఇన్ని పుస్తకాలు రాసేశాడా అని వీరవేణి మరింత మురిసిపోయింది. అప్పట్నుంచి సూరమ్మ ప్రతి గురువారం వచ్చేది. కొంగులో రెండు జామకాయలు తెచ్చేది. ఆ పేరు ఓసారి చదివించుకుని, ప్రాణం కుదుటపడ్డట్టు లేచి వెళ్ళేది.

ఇంతలో ఆలమూరు నుంచి గణేష్‌బాబు అనే కొబ్బరి రైతు వచ్చాడు. తెగుళ్ళ మీద పాత పుస్తకం ఒకటుందట, దాని పేరు గుర్తులేదు గానీ, వాళ్ళ నాన్న రచయిత పేరు రాసిచ్చాడట. వీరవేణి ఆ పేరు కొట్టి చూసింది. లేదంది కంప్యూటర్. "లేదండి, సారీ అండి" అంది. ఆయన ఫోన్ నంబరిచ్చి, ఉసూరుమంటూ బస్సెక్కాడు.

సాయంత్రం ఆ మాట విని మాస్టారు లేచి అలమరా దగ్గరకెళ్ళి, బంగారు అక్షరాల పుస్తకం ఒకటి తీసి బల్ల మీద తెరిచారు. అట్ట తర్వాత తెల్లకాగితం, దాని తర్వాత పేరు పేజీ. అందులో రైతు అడిగిన పేరు నిక్షేపంగా ఉంది.

"మరి పల్లంరాజుగారెవరమ్మాయ్?"

"అట్ట మీద... బంగారు అక్షరాలతో..." వీరవేణికి మాట తడబడింది.

మాస్టారు దగ్గొచ్చేదాకా నవ్వారు. "అవి బైండరు వేసిన అక్షరాలే తల్లీ! ఎవరి పుస్తకమో తెలియడానికి సొంతదారు పేరు వేయించుకునేవాళ్ళం. మా ఇంట్లో ఉన్నవాటి మీద నా పేరుంటుంది. ఆ లెక్కన వంటల పుస్తకం నేనే రాసినట్టు!"

వీరవేణి నవ్వలేకపోయింది. ఉన్న పుస్తకాన్ని లేదని చెప్పి ఒక మనిషిని ఆలమూరు పంపేసింది. తీసిన రెండో పుస్తకం, మూడో పుస్తకం, అన్నీ అంతే. రికార్డులన్నీ దిద్దాలి. దిద్దితే తెర మీద నుంచి పల్లంరాజు పేరు పోతుంది. గురువారం సూరమ్మ వస్తుంది.

"ఆవిడకేం చెప్పనండీ మాస్టారూ? ఆ పేరు కోసమే వస్తారావిడ. నా చేత్తో పెట్టి నా చేత్తోనే తీసేస్తే..."

"నిజం చెబుదాం. మన తప్పు మనం చెప్పుకోవాలి కదా."

మన తప్పు. వీరవేణి ఆ ముక్క దగ్గరే ఆగిపోయింది. నర్సరీలో తప్పు జరిగితే అది ఎవరిదో తేల్చాకే తక్కిన మాట. పుస్తకాలు తొంగి కూడా చూడని మనిషి ఆ తప్పులో సగం తన మీద వేసుకున్నాడు. ముందు గణేష్‌బాబుకి ఫోన్ చేశారు. మర్నాటి నుంచి మాస్టారు వణికే చేత్తో పేరు పేజీలు తిప్పుతూ, గట్టిగా చదివి చెబుతుంటే ఆమె గడులు దిద్దింది. ఒక్కసారి కూడా ఆయన 'నువ్వు' అని వేలు చూపలేదు. కన్నతండ్రి కూడా తనకింత ఓపిగ్గా ఏదీ నేర్పలేదని వీరవేణికి అనిపించింది. ఆ మాట ఆయనతో అనేస్తే ఏడుపొస్తుందని తల వంచుకుని టైపు కొట్టుకుంది.

గురువారం సూరమ్మ ఒక్కతే రాలేదు. పల్లంరాజు అక్కగారు పాపాయమ్మని వెంటబెట్టుకొచ్చింది. "మా వదినగారమ్మా. తమ్ముడి పేరు చూస్తానంటే తీసుకొచ్చాను" అంది సంబరంగా. వీరవేణి ఇద్దరినీ కూర్చోబెట్టి, తను నేల మీద సూరమ్మ మోకాళ్ళ దగ్గర కూర్చుంది.

"మామ్మగారూ, నేనో తప్పు చేశానండి. అట్ట మీద పేరు చూసి, తాతగారే రాశారనుకుని ఆయన పేరు పెట్టేశాను. రాసినవాళ్ళు వేరేవాళ్ళండి. వాళ్ళ పేరు లేకపోతే పుస్తకం అడిగినవాళ్ళకి దొరకట్లేదండి. అందుకని... తీసేశానండి."

సూరమ్మ కొంగులోని జామకాయలు తీసి బల్ల మీద పెట్టింది. పాపాయమ్మే, "ఆడు ఉత్తరం ముక్క రాయడానికే బద్ధకించేవోడు, పుస్తకాలేం రాస్తాడే పిల్లా!" అని నవ్వబోయి, మరదలి మొహం చూసి ఆగిపోయింది.

"అయితే ఆయన పేరు ఇంకెక్కడా లేదా?" అంది సూరమ్మ.

"ఇచ్చినవారని మీ పేరుందండి."

"నా పేరెందుకమ్మా? నేను ఆటోలో మోసుకొచ్చాను, అంతేగా. చదివింది ఆయన. రాసినోళ్ళకి చోటుంది, అచ్చేసినోళ్ళకి చోటుంది, మోసుకొచ్చిన నాకూ చోటుంది. చదివినోళ్ళకి చోటుండదా?"

వీరవేణి మాస్టారి వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదమ్మా నన్ను" అన్నారు. "'ఈ ప్రతి గురించి' అని ఒక గడుంది. మన దగ్గరున్న ఈ ఒక్క పుస్తకానికే చెందిన సంగతి అందులో రాయొచ్చు. కాకపోతే పుస్తకంలో కనబడుతున్నదే రాయాలి. మనకి తెలుసని రాయకూడదు."

"కనబడదా ఏంటండి! ఆఖరి పేజీ తియ్యండి" అంది సూరమ్మ.

మాస్టారు పేరు పేజీలు తిప్పారు గానీ, ఆఖరి పేజీల జోలికి ఎందుకెళ్తారు? వీరవేణి చేతికందిన పుస్తకం తీసి వెనక నుంచి తెరిచింది. చివరి వాక్యం కింద పెన్సిలుతో చిన్న అక్షరాలు: 'చదివాను.' దాని కింద సంతకం. ఇంకోటి తీసింది. 'చదివాను. బాగుంది.' డిటెక్టివ్ నవలలో 'చదివాను. హంతకుడు ముందే తెలిసిపోయాడు.' మాస్టారు మళ్ళీ దగ్గొచ్చేదాకా నవ్వారు. ఈసారి వీరవేణి కూడా నవ్వింది. పాపాయమ్మ కొంగు కళ్ళకద్దుకుంది.

"రాయమ్మా" అన్నారు మాస్టారు.

వీరవేణి లేచి కంప్యూటర్ ముందు కూర్చుని, ఖాళీగా ఉన్న ఆ గడిలో ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. సూరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఏం రాశావో చదువమ్మా."

"'ఆఖరి పేజీలో చదివానని పెన్సిలుతో రాసి సంతకం ఉంది. చదివినవారు వాసంశెట్టి పల్లంరాజు' అని రాశానండి."

సూరమ్మ ఆమె చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. "నీ కడుపు చల్లగుండ! ఎన్నింటికి రాస్తావమ్మా?"

"ఆయన చదివినవాటన్నిటికీనండి."

"అయితే ఇవాళ నన్ను తొందరగా పంపకు" అంది సూరమ్మ. "ఒక్కోటీ చదివి వినిపించు."