ఫిర్యాదు ఇచ్చేటోడు లేని పుస్తకం

నాకు అక్షరాలు వచ్చింది బడిల కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. కాగజ్‌నగర్‌ల నాలుగడుగులు నడిస్తే చాలు, రొమ్ముల పిల్లికూతలు మొదలయ్యేవి. బాపు మిల్లుల కాగితం కోసే కాడ పనిచేసెటోడు. కోయంగ మిగిలిన అంచు ముక్కలు అడిగి ఇంటికి తెచ్చెటోడు. అవ్వ వాటి మీద నాతోని రాయించేది. ముక్క బెత్తెడు వెడల్పు, వరుసకు రెండే మాటలు పట్టేవి. గందుకే ఇప్పటికి నేను చదివేటప్పుడు ఒక్కొక్క మాటను విడిగ చూస్త. నన్ను కన్న ఆ ఇద్దరి కోసం, ఆ ముక్కల కోసం పొద్దున లేవంగనే దేవునికి స్తోత్రం చెప్పుకుంట.

ఈ మాట ముందుగాల ఎందుకు చెప్తున్ననంటే, ఇగ కింద రాసేదాంట్ల కోపమే ఎక్కువ.

పెండ్లయి కరీంనగర్ వచ్చినంక మా చర్చిల ఆదివారం వాక్యపాఠం చదివే పని నాకు దొరికింది. పండుగ కరపత్రమైనా, స్త్రీల సమాజం కాగితమైనా, అచ్చుకు పోయే ముందు తప్పులు దిద్ది సాఫు కాపీ రాసిచ్చేది గూడ నేనే. మొన్నటి వానకాలంల మా సంఘం సెక్రటరీ ఒక చిన్న పుస్తకం ప్రూఫు తెచ్చి నా చేతుల పెట్టిండు. వరుసకు అన్న అయితడు.

"స్త్రీల సభల పంచాలె చెల్లె. చర్చి పేరు మీద ఏస్తున్నం. జర తెలుగు సాఫ్ చెయ్."

ఆయన చాయ తాగుతుండగనే మొదటి పుట చదివిన. లోకంల యుద్ధం వచ్చినా, రోగం వచ్చినా, ధర పెరిగినా అన్నిటికి యూదులే కారణమట. చాటుంగ కూడి దేశాలను ఆడిస్తున్నరట. ప్రభువును ముద్దు పెట్టుకొని పట్టిచ్చింది యూదులట.

ఆ మాట కాడ నా వేలు ఆగింది.

"అన్నా, ముద్దు పెట్టింది యూదా. శిష్యులల్ల ఒక్క మనిషి. ఈడ యూదులు అని పడ్డది."

"రెండు ఒకటే గద."

మా దిక్కు నమ్మించి ముంచినోణ్ణి 'వాడొక యూదా' అని తిడ్తరు. ఆ తిట్టు అలవాటై, ఒక మనిషి పేరుకు, ఒక జాతి పేరుకు తేడా తెల్వకుంట పోయింది. 

"ఒకటెట్లయితది? ప్రభువు గూడ యూదుడే, మరియమ్మ యూదురాలే. మన పేతురు, మన పౌలు—"

"నువ్వు అక్షరాలు చూడు చెల్లె, సంగతి చూడకు."

"ఇసొంటిది పంచితే చట్టం ఊకుంటదా?"

ఆయన నవ్విండు. "అమెరికల బాజాప్త దుకాణాల అమ్ముతున్నరు. అంత పెద్ద దేశమే తప్పంటలేదు, నువ్వంటున్నవా? ఇంట్ల సదువుకున్న సదువుకు గింత గీర పనికి రాదు."

కప్పు కింద పెట్టి పోయిండు. నేను ఆ కప్పును మామూలు కంటె ఎక్కువ తోమిన.

మా గల్లీలనే కోర్టుకు పోయే వకీలమ్మ ఉంది. ముస్లిములు. నేను ఆపా అంట, అక్క అన్నట్టు. ప్రూఫు పట్టుకొని పోతే వరండల తడిబట్టలు ఆరేస్తుంది. చెయ్యి తుడుచుకొని రెండు పుటలు చదివి, కండ్లద్దాలు నెత్తి మీదికి జరిపింది.

"వంద ఏండ్ల నాటి దొంగరాత గిది. యూదులు రహస్యంగ రాసుకున్నరని ఎవడో పుట్టిచ్చిండు. దొంగదని ఎప్పుడో తేలింది. గని సస్తలేదు."

"అమెరికల ఆపరట, నిజమేనా?"

"నిజమే. అబద్ధమని, పగ పెంచుతదని ఆడ సర్కారు పుస్తకాన్ని ఆపలేదు. మాట్లాడే హక్కు ఆళ్ల రాజ్యాంగంల గంత గట్టిది. అప్పటికప్పుడు పోయి కొట్టున్రి అని ఉసిగొల్పితేనే చెయ్యి ఏస్తరు. జర్మనీల గిట్ల పగ పెంచి పంచితే జైలు. ఇసొంటి రాతలను నమ్మించి లక్షల మందిని చంపిన దేశం, దానికి ఎరికే. ఆ చంపుడు జరగనే లేదని అన్నా ఆడ నేరమే. ఫ్రాన్సుల గూడ అంతే. కెనడాల కావాలని ద్వేషం పెంచుడు నేరం, గని కోర్టుల నిలబెట్టుడు కష్టం."

"మరి మన దగ్గర?"

"మతాల నడుమ పగ పెడ్తే నేరమే. సర్కారు తలుచుకుంటే పుస్తకాన్ని జప్తు గూడ చెయ్యొచ్చు. గని ఫిర్యాదు ఎవలిస్తరు? బొంబాయి దిక్కు, కొచ్చిన్‌ల కొంతమంది యూదులు ఉన్నరు. కరీంనగర్‌ల ఒక్క ఇల్లు చూపెట్టు. ఆదిలాబాద్‌ల చూపెట్టు. చట్టం ప్రకారం ఎవలైన ఇయ్యొచ్చు. గని తిట్టు పడ్డోడే లేని కాడ ఎవలికి ఫికర్?"

ప్రూఫు మూసి నా చేతికిచ్చింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "గిదే కథ మా మామ అల్మారీల ఉంది, ఉర్దూల. వకీలునై ఉండి ఇన్నేండ్లు ఆ అర దిక్కు సక్కగ చూడలే నేను."

"మీ మీద గూడ రాస్తరు గద ఆపా?"

"దినాం ఫోన్ల వస్తయి. కథ గిదే. పేరొక్కటే వేరే."

పేరొక్కటే వేరే. ఇంటికొచ్చి, మధ్యాహ్నం అన్నం గిన్నెలు సర్దినంక సాఫు కాపీ రాసుడు మొదలుపెట్టిన. తప్పులన్ని దిద్దిన, ముద్దు కాడ యూదా అనే రాసిన. ఇంక యూదులు అని ఉన్న కాడల్ల క్రైస్తవులు అని రాసిన. సంగతి ఇంకేది ముట్టలే. ఊర్లల్ల మన మీద పంచే కాగితాలు నేను చూసినయే. విదేశాలోళ్ల మనుషులని, చాటుంగ కుట్రలు చేస్తరని. ఒక్క వాక్యం గూడ అతుకు పెట్టాల్సిన పని పడలే.

ఆదివారం ఆరాధన అయినంక కమిటీ కూసుంది, కాపీ రాసినదాన్నని నన్ను గూడ పిలిచిన్రు. సెక్రటరీ ముందే నేనిచ్చిన కాపీ తీసి, చదవకుంటనే తెచ్చిండు కాబట్టి, మంచి ఊపు మీద పైకి చదువుడు మొదలుపెట్టిండు. "క్రైస్తవులు చాటుంగ కూడి దేశాలను..." రెండో వాక్యానికి ఊపు తగ్గింది. మూడో దానికి ఆగి పుట తిరగేసిండు.

చెవులు సరిగ వినపడని ముసలి పెద్ద ఒకాయన లేచిండు. "ఎవడు రాసిండు గిది మన మీద? ఠాణల కేసు పెట్టాలె! ఏ చట్టం ఊకుంటది ఇసొంటి దానికి?"

"అమెరికల ఊకుంటరట తాతా, అన్న చెప్పిండు," అన్న నేను.

సెక్రటరీ కాగితాలు బల్ల మీద కొట్టిండు. "మోసం! నా కాగితం మార్చింది గీమె!"

"ఒక్క మాట మార్చిన అన్నా. నువ్వే అన్నవు గద, అక్షరాలు చూడమని."

"నీకు తెలివి బలిసింది. వాక్యం ముందట నిలబడే మనిషికి గింత పొగరా?"

పాస్టరు అయ్యగారు ప్రూఫును, నా కాపీని రెండింటిని తీసుకొని అల్మారీల పెట్టి తాళమేసిండు. చర్చి పేరు మీద పుస్తకం రాదన్నడు. అదే నోటితోని, కొన్నాళ్లు నువ్వు పాఠం చదవకు బిడ్డా అని నాతోని అన్నడు. అబద్ధం తెచ్చినోడు ముందు వరుసల కుర్చీలనే ఉండె. నన్ను పంపింది పాఠం బల్ల కాడికెల్లి కింద చాప మీదికి.

ఆ పాఠం సెక్రటరీ భార్యకు ఇచ్చిన్రు. వదిన మంచి మనిషి, గొంతు మంచిది. ప్రూఫు తాళంల ఉన్నా, దాని జిరాక్సులు ఒకరిద్దరి సంచులల్ల కనపడ్డయి. వదిన సంచిల గూడ.

కొన్ని వారాలకు, తోటల ప్రభువును పట్టుకునే పాఠం వచ్చింది. వదిన నింపాదిగ చదువుతుంది. ముద్దు పెట్టుకునే కాడికి వచ్చి, యూదా అని ఉన్న కాడ యూదులు అని చదివింది. తప్పని ఆమెకు తెల్వనే తెల్వదు. చుట్టూ చూసిన. ఒక్క తల లేవలే. అందరికి అది సరిగనే వినపడ్డది.

నేను చాప మీదికెల్లి లేచి నిలబడ్డ.

"వదినా, యూదులు కాదు. యూదా. ఒక్కడే."

సెక్రటరీ మెడ తిప్పి, "కూసో," అన్నడు.

నేను కూసోలే. వదిన ఆయన దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, పుట మీద వేలు పెట్టి వెనక్కి పోయింది. ఆ మాట కాడ వేలు ఆగింది. పెదవులు ఒకసారి చప్పుడు లేకుంట కదిలినయి.

"యూదా," అని చదివింది.

అప్పుడు కూసున్న.