నాన్నగారి లెన్సు, దాని మూత

మొన్న ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి మా తమ్ముడి మనవరాలు ఏలూరు వచ్చి, కాళ్ళు కడుక్కోకముందే "పెదతాతయ్యగారూ, మీ పాత లెన్సు ఓసారి ఇస్తారాండీ?" అని అడిగింది. ఇప్పటి డిజిటల్ కెమెరాలకు ఒక రింగు బిగించి పాత లెన్సులు వాడుతున్నారట. కొత్తవి ఎవరి ముఖాన్నైనా ఒకేలా నున్నగా తీస్తాయట, పాతవాటికి క్యారెక్టర్ ఉంటుందట. ఇన్నేళ్ళకు ఆ మాట మా ఇంటి పిల్ల నోటే వినడం నాకు సంతోషమనిపించింది.

అది మా నాన్నగారు మంచి రోజుల్లో మద్రాసు వెళ్ళి కొన్న రేంజ్‌ఫైండర్ కెమెరాకు వచ్చిన లెన్సు. మండవల్లి వైపు కొల్లేటి ఒడ్డున ఉన్న భూములు, ఆ తరువాత ఇల్లు ఎలా పోయాయో చెప్పుకోవడం మాకు అలవాటు లేదు గాని, కెమెరా మాత్రం పోలేదు. నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ కెమెరాల్లో లెన్సులోంచి చూడం. పైనున్న చిన్న గాజుకిటికీలోంచి చూస్తూ, మధ్యలో రెండుగా కనిపించే బొమ్మను రింగు తిప్పి ఒకటి చేస్తాం. ఈ లెన్సు ఒకటిన్నర నంబరు దాకా, అంటే బాగా వెడల్పుగా, తెరుచుకునేది కాబట్టి ఫ్లాష్ లేకుండా దీపం వెలుగులోనూ ఫోటో వచ్చేది. అంతగా తెరిచినప్పుడు దాని స్వభావమే వేరు. కళ్ళు స్పష్టంగా నిలిచి, చెవుల దగ్గరకు వచ్చేసరికి గీత మెత్తబడి, వెనకున్న గోడలూ తలుపులూ కొల్లేటి నీళ్ళలో నీడల్లా కరిగిపోయేవి. తెల్లచీర అంచున పల్చని వెలుగు పొగమంచులా పట్టేది. నిపుణులు దాన్ని లోపమన్నారు. నేను మర్యాద అంటాను. మనిషిని ఎంతవరకు చూడాలో అంతవరకే చూసేది.

ప్రతి ఫోటో తరువాత నాన్నగారు ఆ లెన్సుకు నల్లటి ఇనుప మూత పెట్టేవారు. ఇనప్పెట్టె తెరిచి వదిలేస్తామా అనేవారు. ఇనప్పెట్టె పోయాక కూడా ఆ అలవాటు నాకు మిగిలింది.

ఆ కెమెరాతోనే నేను ఏలూరులో ఒక స్టూడియోలో పనికి చేరాను. యజమాని పెద్ద వయసు సాయిబుగారు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నన్ను "దొరగారూ" అని పిలిచేవారు. అందులో గౌరవమెంతో ఎగతాళి ఎంతో తెలిసేది కాదు. శ్రావణమాసంలో ఒకేరోజు రెండు పెళ్ళిళ్ళు తగిలితే, ఫ్లాష్ పట్టుకుని ఆయన ఉండి అనే ఊరికి వెళ్ళి, నన్ను కొల్లేటి పక్క ఒక పల్లెకు పంపారు.

పెళ్ళి సవ్యంగానే జరిగింది. మధ్యాహ్నం వాన పట్టి కరెంటు పోయింది. వర్జ్యం రాకముందే బయలుదేరాలని మగపెళ్ళివారు తొందరపడుతుంటే, పెళ్ళికూతురు లోపలిగదిలో మంచాన ఉన్న నాయనమ్మతో ఒక్క ఫోటో కావాలంది. ఆ పెద్దావిడ జన్మలో ఫోటో దిగలేదు, ఇక లేవగలిగే స్థితిలోనూ లేదు. గదిలో ఒక కిటికీ, ఒక దీపం. నేను లెన్సు పూర్తిగా తెరిచి, ఊపిరి బిగబట్టి, ఎంతో నమ్మకంతో బటన్ నొక్కాను. పిల్ల కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

అప్పుడా పెద్దావిడ, "ఏం నాయనా, ఆ మూత తియ్యకుండానే తీసేత్తారా?" అంది.

గాజుకిటికీలోంచి చూసేవాడికి మూత కనపడదు. బయట మగపెళ్ళివారి జీపు స్టార్టయిన శబ్దం వినిపిస్తోంది. నోరు మెదపకపోతే, ఫిల్ము పాడైందని నెల తరువాత చెప్పుకోవచ్చు. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఎదురెళ్ళి ఆగమని అడిగినవాళ్ళు కారు. అయినా వానలోకి దిగి జీపు ముందు నిలబడి, తప్పు నాదండీ, మూత తియ్యడం మరిచాను, అమ్మాయిగారు మళ్ళీ ఒకసారి రావాలండీ అన్నాను.

"ఏవండీ, మీ ఊళ్ళో మూత పెట్టే తీత్తారాండీ ఫొటోలు?" అన్నారు పెళ్ళికొడుకు మేనమామ. అందరూ నవ్వారు. పెళ్ళికూతురు మాత్రం అప్పటికే దిగేసింది.

రెండోసారి వచ్చిన పిల్ల మొదటిసారి వచ్చిన పిల్ల కాదు. తడిసిన జుట్టుతో నాయనమ్మ పక్కన కూలబడి పకపకా నవ్వుతోంది. పెద్దావిడ నా వంక చూపిస్తూ బోసినోటితో నవ్వుతోంది. మూత తీసి, రెండు బొమ్మలనూ ఒకటి చేసి తీశాను.

సాయిబుగారు ఆ ప్రింటు నీళ్ళలోంచి తీసి, కళ్ళజోడు కిందికి దించి చాలాసేపు చూశారు. నాలుగు కళ్ళు మాత్రమే స్పష్టంగా ఉన్నాయి. దీపం చుట్టూ వెలుగు ముద్దకట్టింది, గది అంతా కరిగిపోయింది. నేను మూత సంగతి చెప్పాను.

"ఫ్లాషయితే గోడ మీద బల్లి కూడా ఫోటోలో పడేదండీ, దొరగారూ," అన్నారు. ఆ రోజు ఆ పిలుపులో ఎగతాళి లేదు.

మనవరాలు లెన్సు బిగించి, నన్ను తీసి, అక్కడికక్కడే తెర మీద చూపించింది. కళ్ళ చుట్టూ ముడతలన్నీ మెత్తబడి, ముసలితనం కాస్త మర్యాదగా కనిపించింది. మూత పెట్టి మరిచిపోతే ఏమవుతుందని అడిగాను. తెర నల్లగా అయిపోయి తెలిసిపోతుందండీ అంది. మంచిదే. ఇక ఎవరూ వానలో జీపుకు ఎదురెళ్ళనక్కర్లేదు. ఏ పెళ్ళికూతురూ రెండోసారి దిగి రానక్కర్లేదు.

లెన్సు తనకే ఇచ్చేశాను. ప్లాస్టిక్ మూత ఒకటి కొనుక్కోమని చెప్పి, ఆ నల్ల మూత మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.