టెంకాయ నూనె పూసిన తుపాకీ

రెండు వారాల కిందట పలమనేరు పోలీసు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఎన్నికలు ప్రకటించారు కాబట్టి లైసెన్సు తుపాకీలు ఉన్నవాళ్ళంతా వారంలోగా తెచ్చి అప్పజెప్పాలని ఎవరో కొత్త కానిస్టేబులు, గొంతు వింటే నా మనవడి ఈడు ఉంటాడేమో, మర్యాదగానే చెప్పాడు. ఇంట్లో తుపాకీ ఉన్న నా వయసువాళ్ళకు ఇది కొత్త కాదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అది స్టేషనుకు పోవడం, ఓట్ల లెక్కింపు అయ్యాక రసీదు చూపించి మనం తెచ్చుకోవడం, ఇన్నేళ్ళుగా పుట్టింటికి పోయివచ్చే కోడలి మాదిరి అది పోతూ వస్తూనే ఉంది. ఈసారి మాత్రం మా అబ్బాయి ఇంట్లో లేని పొద్దు చూసి బీరువాలోంచి దాన్ని తీశాను. వాడు అప్పటికే నెల రోజులుగా ఆ లైసెన్సు తన పేరుకు మార్పించమని నా ప్రాణం తీస్తున్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. చెప్పకపోతే నాకు తెలియదా? బావి గట్టు దగ్గర వాడికీ, మా అన్న కొడుక్కీ మాటామాటా పెరిగి చొక్కాలు పట్టుకున్నారు. అన్న అంటే మా పెదనాయన కొడుకు. అదే బావి, అదే గట్టు. అక్కడ ఒకసారి పారిన నెత్తురు చూసినవాణ్ణి నేను, పారించినవాడు మా అన్న.

మా ఊళ్ళో దాన్ని మీట తుపాకీ అంటారు. ట్రిగ్గరు కింద వేళ్ళు దూర్చుకునే ఇనుప మీట ఉంటుంది. దాన్ని కిందికి తోసి పైకి లాగితే కాలిన తూటా ఎగిరి బయటపడి, గొట్టం కింద వరసగా పేర్చినవాటిలోంచి ఇంకొకటి వచ్చి లోపల కూర్చుంటుంది. మా నాయనకు ఈ రకం పాత తుపాకులంటే పిచ్చి. హార్స్‌లీ కొండ మీద బంగళా అమ్ముకుని పోతున్న ఒక దొర దగ్గర ఒకటి, చితికిపోయిన ఒక జమీందారు ఇంట్లో ఒకటి, మైసూరు వైపు ఒక ముసలి వేటగాడి దగ్గర ఒకటి, మూడు సంపాదించాడు. ఆయన పోయాక రెండింటిని నేనే సర్కారుకు ఇచ్చేశాను. మిగిలింది దొర తుపాకీ. చెరుకు తోటలో పడిన అడవిపంది ఒకటి మా పాలేరు తొడ చీల్చినప్పుడు, నాయన మూడు మీటలు లాగి మూడు గుండ్లు దాని మెడలోకి దించడం నేను కళ్ళారా చూశాను. ఆ పంది నెత్తురూ పాలేరు నెత్తురూ ఒకే మడవ నీళ్ళలో కలిసి పారాయి. ఇంటికొచ్చాక ఆయన కాళ్ళయినా కడుక్కోకుండా తుపాకీ తుడవడానికి కూర్చున్నాడు.

దాన్ని చూసుకోవడం ఒక వ్రతమే అనుకోండి. గొట్టంలో వేడినీళ్ళు పోసి, కడ్డీకి గుడ్డ చుట్టి తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒకే ఒక్క చుక్క మీట కీలులో వెయ్యాలి. నేను రెండో చుక్క వేస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "సుక్క సాలు రా, తాళింపు పెడతా ఉండావా?" అనేవాడు.

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, చదువు ముగించి సేద్యంలోకి దిగిన ఏడాది, ఆయుధపూజ నాడు నేను చేసిన వెధవపని ఇప్పటికీ గొంతులో ముల్లు. ఆరోజు నాయన పొరుగూరు పోతూ, తుపాకీ శుభ్రం చేసి పూజలో పెట్టమని నాకు చెప్పిపోయాడు. చూస్తే మిషను నూనె డబ్బా ఖాళీ. అంగడికి పోవాలంటే నాకు బద్ధకం, సాయంత్రం ఆటకు సినిమాకు పోవాలని తొందర. అమ్మ పూజగదిలోంచి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. దీపానికి పనికొచ్చే టెంకాయ నూనె ఇనుముకు పనికిరాదా అంది. నాకూ సబబుగానే తోచింది. తళతళ మెరవాలని మీట సందులోకి, తూటాను కొట్టే సుత్తి వెనక్కి ధారగా పోశాను, పైన గంధం, కుంకుమ పెట్టాను. నాయన వచ్చి చూసి బాగా చేశావన్నాడు. మిషను నూనే వేసినావా అని అడిగితే, ఆఁ అన్నాను.

ఆ రోజుల్లోనే మాకూ అన్నవాళ్ళకూ పగ ముదిరింది. తాత చేలు పంచాడు గాని బావి పంచలేదు, ఒకరోజు వాళ్ళ వంతు, ఒకరోజు మా వంతు. పెదనాయన ఉన్నంత కాలం సాగింది. ఆయన పోయాక మా వంతు రోజున మోటారు ఫ్యూజులు మాయమయ్యాయి, తర్వాత మా గడ్డివామి కాలింది. ఒకనాడు తెల్లారి చూస్తే మామిడి అంట్లు తొంభై మొదలంటా నరికేసి ఉన్నాయి, కొమ్ముల ఎద్దు వెనక కాళ్ళ నరాలు తెగి కొట్టంలో పొర్లాడుతోంది. మేమేమన్నా తక్కువ తిన్నామా? నేను సంతలో అన్న బావమరిదిని బండి గూటంతో చెవిలోంచి నెత్తురు కారేదాకా బాదాను. ఎవరో పట్టి లాగారు గాని లేకపోతే వాడు ఆరోజే పోయేవాడు. ఆ అన్నే నాకు చిన్నప్పుడు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి అదే బావిలో ఈత నేర్పాడు. పగలో ఇవేవీ గుర్తుకు రావు.

ధనుర్మాసం. మా పలమనేరు గడ్డ మీద ఆ నెల చలి ఎట్లుంటుందో మీకు తెలుసు, పొద్దెక్కినా పళ్ళు కొట్టుకుంటూనే ఉంటాయి. తెల్లవారాక నాయన మోటారు వెయ్యడానికి పోయాడు. కాసేపటికే తోటలోంచి ఆయన అరుపు వినిపించింది. నేను గోడకున్న తుపాకీ తీసుకుని, పెట్టెలోంచి నాలుగు తూటాలు ఎక్కించి చెప్పుల్లేకుండా పరిగెత్తాను. గట్టు మీద నాయన వెల్లకిలా పడి ఉన్నాడు, భుజం అప్పటికే తెగి పంచె ఎర్రగా తడిసింది. అన్న వేటకొడవలి మళ్ళీ ఎత్తి ఉన్నాడు. పదిహేను బారల దూరం. గుండెకు గురిపెట్టి నొక్కాను. చంపాలనే నొక్కాను, ఈ వయసులో అబద్ధమెందుకు?

టుక్ మంది. అంతే. మీట లాగితే బెల్లం పాకంలో గరిటె తిప్పినట్టు బరువుగా కదిలింది, పేలని తూటా కింద పడింది, రెండోది వచ్చి కూర్చుంది, మళ్ళీ టుక్. ఆ రెండు టుక్కుల మధ్యే కొడవలి దిగింది. నాయన అడ్డం పెట్టిన కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగి తోలుకు వేలాడింది. నేను గొట్టం పట్టుకుని తుపాకీని తిరగేసి అన్న మొహం మీద కొట్టాను. దవడ ఎముక విరిగిన చప్పుడు విన్నాను, కిందపడినా ఆపలేదు, తుపాకీ కట్టె పగిలేదాకా కొట్టాను. ఆవల గుడి మైకులో పాశురాలు వినిపిస్తూనే ఉన్నాయి.

నాయనను రాయవేలూరు ఆసుపత్రిలో బతికించారు. చెయ్యి మాత్రం దక్కలేదు. పోలీసులు తుపాకీ పట్టుకుపోయారు, కేసు చిత్తూరు కోర్టుకు వచ్చింది. తుపాకీ ఎందుకు పేలలేదని పరీక్ష చేయించిన కాగితం అక్కడ చదివారు. సుత్తి వెనక టెంకాయ నూనె చలికి పేరుకుని గడ్డకట్టిందట. అవతలి వకీలు నవ్వాడు, వెనక బెంచీలవాళ్ళూ నవ్వారు. నాయన ఖాళీ చొక్కాచెయ్యి ఒడిలో పెట్టుకుని తల తిప్పి నావైపు చూశాడు. భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ చూపు తర్వాత ఆయన ఏళ్ళ తరబడి ఆ మాటే ఎత్తలేదు, తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. తిరుమలలో మొక్కు తీర్చుకోవడానికి పోయినప్పుడు క్షురకుడి ముందు ఒక్క చేత్తో నమస్కారం పెడుతుంటే చూడలేక నేను బయటికి వచ్చేశాను.

అన్నకు జైలుశిక్ష పడింది. కేసు ముగిసి తుపాకీ తిరిగి వచ్చిన రోజు, పగిలిన కట్టెకు రాగితీగె చుట్టించి, మిషను నూనె కొత్త డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాయన వచ్చి ఎడంచేత్తో ఆ డబ్బా అవతలికి నెట్టాడు. "టెంకాయ నూనె తేపో," అన్నాడు. నేను కదలకపోతే, "ఆ పొద్దు ఇది పేలింటే సెయ్యి మిగిలుండును, కొడుకు మిగలకపోవును. తేపో రా," అన్నాడు. నేను పూజగదిలోకి పోయి గిన్నె పట్టుకుని గోడకు తల ఆనించి ఏడ్చాను. అప్పటినుంచి ప్రతి ఆయుధపూజకూ దానికి అదే నూనె.

నాయన పోయిన రోజు అన్న వచ్చి కంచె బయటే నిలబడ్డాడు, వంకర దవడతో, జైల్లో నెరిసిన తలతో. నేనే పోయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. పాడె ఒక కొమ్ము ఆయనే మోశాడు. తర్వాత్తర్వాత నాకు కంటిచూపు తగ్గి బండి నడపడం మానేశాక, ఎన్నికలప్పుడు నన్నూ తుపాకీనీ తన మోపెడ్ మీద స్టేషనుకు తీసుకుపోయేది కూడా ఆయనే. లోపలికి మాత్రం రాడు. జైలు నుంచి వచ్చాక ఆయన ఏ స్టేషను గడపా తొక్కలేదు, రోడ్డవతల వేపచెట్టు కింద బీడీ కాలుస్తూ ఉంటాడు.

ఈసారి కానిస్టేబులు మీట లాగి చూసి, వేళ్ళు వాసన చూసుకుని మొహం చిట్లించాడు. "ఏంది సార్ ఇది, టెంకాయ నూనె వాసనొస్తాది? సలికాలంలో ఇది పేలదు," అన్నాడు. తెలుసు నాయనా అన్నాను. జేబులో రాసి పెట్టుకున్న కాగితం తీసి ఇచ్చాను. లైసెన్సు రద్దు చేసుకుని తుపాకీ శాశ్వతంగా అప్పగించేస్తున్నానని రాసిన కాగితం అది. మా అబ్బాయి చేతికి వెళ్తే మొదట చేసేది మంచి నూనె వెయ్యడమే కదా.

బయటికి రాగానే అన్న రసీదు ఇచ్చినారా అని అడిగాడు. ఇక తెచ్చుకునేది లేదు, ఇచ్చేసినా అన్నాను. ఆయన బీడీ పారేసి బండి తీశాడు. ఇంటి ముందు మా అబ్బాయి నిలబడి ఉన్నాడు. సంగతి తెలిసి, మొహం కందగడ్డ చేసుకుని, "రేపు వాళ్ళు నా మీదికొస్తే ఏం జేసేది నాయనా?" అని అడిగాడు. అన్న బండి దిగి వచ్చి వాడి ఎదురుగా నిలబడి, పక్కకు జరిగిపోయిన దవడ మీద చెయ్యి పెట్టుకుని, "మావోడు కొడవలెత్తితే ముందు నన్ను నరకమని సెప్పరా. యాడికీ పోను, గట్టు మీదే కూసోనుంటా," అన్నాడు.

అన్నట్టే మర్నాడు పొద్దున్నే పోయి కూర్చున్నాడు. నేనూ పోయాను. ఇప్పుడా బావిలో నీళ్ళు లేవు, మోటారు లేదు, అడుగున తుమ్మమొక్కలు మొలిచాయి. పక్కన పెద్ద రోడ్డు పడడంతో ఆ గట్టు మట్టికే గిరాకీ, పిల్లల తగువంతా దానికోసమే. మా కాలంలో నీళ్ళకోసం కొట్టుకు చచ్చాం, చేలు పండాలనే కదా అని ఒక సాకైనా ఉండేది, వీళ్ళకు పంటా లేదు, నీళ్ళూ లేవు, కోపం మాత్రం మాదే మిగిలింది. పదకొండు రోజులుగా ఇద్దరం అక్కడే కూర్చుంటున్నాం, చేతుల్లో ఏమీ లేకుండా, ఒకరికి చూపు ఆనదు, ఒకరికి నమలడం రాదు. పిల్లలిద్దరూ చెరో పక్కనుంచి వచ్చి మమ్మల్ని చూసి తిరిగి వెళ్ళిపోతున్నారు. నిన్న చలిగా ఉందని అన్న తన దుప్పటిలో సగం నా మీద కప్పాడు. మా ఇద్దరిలో ఒకరు పోతే రెండోవాడు ఒక్కడే ఎన్నాళ్ళు కూర్చోగలడా అని ఆలోచిస్తూ, ఎండ వచ్చేదాకా అక్కడే ఉన్నాను.