కిందింటి తుపాకి

నాకు ఒక తుపాకి మీద ఈర్ష్య పుట్టిందంటే ఎవరూ నమ్మరు. మా ఆయన కూడా నమ్మలేదు. కానీ సోహార్‌లో ఉన్న రోజుల్లో దాదాపు ఏడాది పాటు నేను పడ్డ బాధ అదే.

ఆయన అక్కడ పోర్టు దగ్గర ఒక ప్లాంటులో ఇంజినీరు. కంపెనీ ఇచ్చిన ఫ్లాటు నచ్చక, పాత ఊరి వైపు ఒక ఇంటి మేడ మీద అద్దెకు దిగాం. కింద ఇంటివాళ్ళు ఉండేవారు. ఎనభైకి దగ్గరపడ్డ పెద్దాయన, ఆయన భార్య, వాళ్ళ పెద్దకొడుకు సంసారం. ఎప్పుడో తాతల నాడు సముద్రం అవతలి మక్రాన్ తీరం నుంచి వచ్చి ఒమాన్‌లో స్థిరపడ్డ బలూచీలు. ముసలివాళ్ళిద్దరికీ హిందీ బాగానే వచ్చు. నేను పెద్దాయనను చాచా అని, ఆవిడను ఖాలా అని పిలిచేదాన్ని. మా ఆయన మొదట్లో ఏమీ పిలిచేవారు కాదు. లిఫ్టులో ఎదురైనవాళ్ళకి తల ఊపినట్టు ఊపి వెళ్ళిపోయేవారు. ఆయన స్వభావమే అంత. ఇంట్లో కూడా రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప.

ఒక శుక్రవారం చాచా వాకిట్లో చాప వేసుకుని తుపాకి తుడుస్తున్నాడు. చెక్క మడమతో బరువైన, పొడుగాటి తుపాకి. మన ఊళ్ళలో బ్యాంకుల ముందు, పోలీస్ స్టేషన్ల ముందు చూసిన త్రీ నాట్ త్రీ లాంటిదే. మా ఆయన మెట్ల మీద ఆగారు. గుండు ఎక్కించడానికి లాగే బోల్టు అంత మెత్తగా ఎలా జారుతోందో తెలుసుకోవాలనిపించిందట. ఐదు నిమిషాలని దిగిన మనిషి రెండు గంటల తర్వాత పైకి వచ్చారు. పప్పు చల్లారిపోయింది. భోజనం చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నారు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో అంతసేపు ఆయన గొంతు వినడం నాకు అదే మొదటిసారి. మొదట సంతోషపడ్డాను కూడా.

తర్వాత ప్రతి శుక్రవారం అదే పని. ఒక నోటుబుక్కు కొన్నారు, భూతద్దం కొన్నారు. తుపాకి ఇనుము మీద, చెక్క మీద చిన్న చిన్న ముద్రలు ఉంటాయి. వాటిని ఫోటోలు తీసి, కంప్యూటర్లో ఒక ఫోరంలో పాత ఆయుధాల పిచ్చి ఉన్నవాళ్ళందరినీ అడిగేవారు. ఒకచోట కిరీటం గుర్తు, దాని కింద ఇంగ్లాండు రాజు పొడి అక్షరాలు, సగం అరిగిపోయిన సంవత్సరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటిదని తేలింది. చెక్కకి అడ్డంగా బిగించిన మర ఒకటి ఉంది. అలాంటి మర మన దేశపు ఫ్యాక్టరీలో మరమ్మతు చేసిన తుపాకులకే ఉంటుందట. అంటే ఇంగ్లాండులో పుట్టి, మన సిపాయిల చేతుల్లో ఏవో యుద్ధాలు చూసి, అరిగిపోతే మన దగ్గరే బాగుపడి, మిగులు సరుకుగా ఓడెక్కి ఒమాన్ చేరిందన్నమాట.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను చరిత్రలో ఎం.ఏ. చేశాను. ఒమాన్‌కి రాకముందు రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. పెళ్ళయిన కొత్తలో ఆయన నన్నొకసారి, జరిగిపోయినవన్నీ చదివి ఏం చేస్తారని అడిగారు. వెక్కిరింపు కాదు. నిజంగానే అర్థంకాక అడిగారు. అందుకే అది ఇన్నేళ్ళూ గుచ్చుకుంటూనే ఉంది. అలాంటి మనిషి ఇప్పుడు అన్నం ముందు కూర్చుని నాకు మెసపొటేమియా యుద్ధం గురించి చెబుతున్నారు. అందులో సగం తప్పు. నేను సరిదిద్దబోతే, ఫోరంలో అడిగాను, వాళ్ళు చెప్పారు అన్నారు. మొహం తెలియని ఎవరినో అడిగారు గానీ ఎదురుగా కూర్చున్న నన్ను అడగాలని తోచలేదు. ఆ పూట నేను పెరుగన్నం తినకుండానే లేచాను. ఆయన గమనించలేదు.

నా పుట్టినరోజుకి మస్కట్ దగ్గరి అల్ మవాలే వెళ్ళాం. చీర కొనుక్కుని, బయట తిని, సాయంత్రానికి తిరిగి రావాలని అనుకున్నాం. దారిలో ఆయన ఒక హార్డ్‌వేర్ షాపు ముందు కారు ఆపారు. తుపాకి చెక్కకి పట్టించడానికి అవిసె నూనె కావాలట. వార్నిష్ కలపనిదే కావాలట. మూడు షాపులు తిరిగారు. ఎండలో ఏసీ వేసుకుని కారులో కూర్చున్న నేను ఆయన ఫోను తీసి చూశాను. ఆ తుపాకి ఫోటోలు వేలితో తోస్తున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. మడమ ఒక పక్క నుంచి, అదే మడమ ఇంకో పక్క నుంచి. నా ఫోటో కోసం వెతికితే ఆర్నెల్ల కిందటిది ఒకటి దొరికింది. అందులో నేను కళ్ళు మూసుకుని ఉన్నాను.

ఆ ఫోటోల్లోనే నాకో సంగతి కంటపడింది. తుపాకి ఒంటి మీద ఒక నంబరు ఉంది. బోల్టు పిడి మీద ఇంకో నంబరు ఉంది. మామూలుగా రెండూ ఒకటే ఉండాలని ఆయనే ఒకసారి చెప్పారు. మనసులో పెట్టుకున్నాను.

చాచా చెప్పే యుద్ధం కథ నాకు అప్పటికి కంఠతా వచ్చేసింది. పద్దెనిమిదేళ్ళకి సుల్తాన్ సైన్యంలో చేరాడు. దక్షిణాన తిరుగుబాటు జరుగుతున్న ధోఫార్ కొండల్లోకి పంపారు. అవతలివాళ్ళ చేతుల్లో గుక్క తిప్పుకోకుండా కాల్చే కొత్త తుపాకులు, వీళ్ళ చేతుల్లో ఈ పాతవి. ప్రతి గుండుకీ బోల్టు లాగాలి, తొయ్యాలి. వాన మబ్బు కొండ మీదికి దిగితే పది అడుగుల దూరంలో మనిషి కనపడడట. అలాంటి పొగమంచులో ఒక లోయలో వీళ్ళ మీద కాల్పులు మొదలయ్యాయి. పక్కనున్న స్నేహితుడు మొదటి నిమిషంలోనే పడిపోయాడు. చాచా ఒక బండ చాటున పడుకుని మధ్యాహ్నం దాకా కాల్చాడు. ఒక గుండు వచ్చి తుపాకి చెక్కకి తగిలి పెచ్చు లేచిపోయింది. చెక్క అడ్డు రాకపోతే అది తన దవడకి తగిలేదని చెప్పి, తర్వాత అతికించిన ఆ చెక్కముక్క మీద బొటనవేలు పెట్టేవాడు. ఆ తర్వాత మోకాలికి దెబ్బ తగిలి సైన్యం నుంచి బయటికి వచ్చాడు. కొత్త తుపాకులొచ్చి పాతవి తీసేసినప్పుడు, స్టోరులో పనిచేసే చుట్టం ద్వారా తనదే వెతికించి, లైసెన్సు రాయించుకుని తెచ్చుకున్నాడు.

ఆ మాటలు చెబుతుంటే మా ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని వినేవారు. నేను ఆ మొహం చూసేదాన్ని. ఆ చూపు నాకు ఎన్నడూ దక్కలేదు.

ఈద్ తర్వాత ఒక రోజు చాచా ఇంటికి మస్కట్ నుంచి బంధువులు వచ్చారు. మమ్మల్ని కూడా పిలిచారు. కహ్వా కాఫీ, హల్వా అయ్యాక తుపాకి బయటికి వచ్చింది. చాచా కథ చెప్పాడు. మా ఆయన ఒక్కొక్క ముద్రనీ చూపిస్తూ వివరించారు. ఇంజినీర్ సాబ్, ఇంజినీర్ సాబ్ అని అందరూ మెచ్చుకున్నారు. ఆయన చెప్పిన వాటిలో మూడు సంగతులు నేను రాత్రి భోజనాల దగ్గర సరిదిద్దినవే. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అప్పుడు నేను నోరు విప్పాను. నా హిందీ అంతంతమాత్రమే, కానీ ఆ రోజు తడబడలేదు.

"చాచా, బోల్టు మీద నంబరు వేరు, తుపాకి మీద నంబరు వేరు. ఇది ఒక తుపాకి కాదు, రెండు తుపాకుల ముక్కలు. ధోఫార్‌లో పేలింది ఇదేనని ఎలా చెప్పడం?"

మా ఆయన తల దించుకున్నారు. చాచా తుపాకిని ఒళ్ళోకి తీసుకుని కాసేపు బోల్టు వైపు చూశాడు.

"బేటీ నిజమే చెప్పింది," అన్నాడు. "అసలు బోల్టు నేను పోగొట్టుకున్నాను. యుద్ధంలో కాదు, ఇంటికి తెచ్చుకున్నాక. సిపాయినై ఉండి పోగొట్టుకున్నాను. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ఇది మస్కట్‌లో కొన్నది."

యాభై ఏళ్ళుగా సొంత కొడుక్కి కూడా చెప్పని మాట అది. ఆయన తుపాకిని గుడ్డలో చుట్టి, మోకాలు పట్టుకుని మెల్లగా లేచి లోపలికి తీసుకెళ్ళిపోయాడు.

మెట్లెక్కుతూ మా ఆయన ఒకటే అన్నారు. "నంబర్లు కలవవని నాకు మొదటి రోజే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఎందుకు చెప్పాలి?"

తర్వాతి శుక్రవారం వాకిట్లో చాప వెయ్యలేదు. మా ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి, వచ్చి పడుకున్నారు. నేను కోరుకున్నది సరిగ్గా అదే. ఆయన శుక్రవారం నాకు దొరికింది. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషితో నేనేం చెయ్యను?

రెండు రోజుల తర్వాత పదకొండు గంటలప్పుడు ఖాలా మేడ మీదికి వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా కూర్చుంది. తిట్టడానికి వచ్చిందనుకుని నేను ముందే క్షమాపణ చెప్పాను. ఆవిడ చెయ్యి ఊపేసింది.

"బోల్టు ఆయన పోగొట్టలేదు," అంది. "నేనే సముద్రంలో పారేశాను."

తర్వాత తీరిగ్గా చెప్పింది. ఆయన కొండల నుంచి తిరిగొచ్చేసరికి ఇద్దరు పిల్లలు. మోకాలు బాగుపడిందిగానీ మనిషి మాట్లాడడం మానేశాడు. ఆ తుపాకి ఇంటికి వచ్చాక మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టాడు, కానీ దానితోనే. పొద్దున్న చాప మీద కూర్చుంటే మధ్యాహ్నం దాకా దాన్ని తుడుస్తూ, చనిపోయిన స్నేహితుడి ఊసులన్నీ దానికే చెప్పుకునేవాడు. అన్నం పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. "ఇంకో పెళ్ళి చేసుకుని సవతిని తెచ్చినా ఇంత కాలిపోయేదాన్ని కాదు. సవతైతే జుట్టు పట్టుకునేదాన్ని," అంది ఖాలా. బోల్టు ఎలా ఊడుతుందో ఆయన తుడుస్తుంటే చూసి నేర్చుకుంది. ఒక ఉదయం దాన్ని తీసి, తలగుడ్డలో చుట్టి, చేపల బుట్టలో పెట్టుకుని తమ్ముడి పడవ ఎక్కింది. ఒడ్డు సన్నగా కనిపించేంత దూరం వెళ్ళాక నీళ్ళలో వదిలేసింది. ఆయన నెలరోజులు వెతికాడు. ఇసుక కూడా జల్లించాడు. తన మతిమరుపే అనుకున్నాడు. ఖాలా నోరు విప్పలేదు. ఇంతకాలమూ విప్పలేదు.

"మొన్న అందరి ముందూ సిగ్గుపడ్డాడు కదా. ఇంక దాచడం నా వల్ల కాదు," అని లేచింది. సాయంత్రం ఆయనతో చెప్పేటప్పుడు నన్ను తోడు రమ్మంది.

సాయంత్రం డ్యూటీ నుంచి మా ఆయన రాగానే ఇద్దరం కిందికి వెళ్ళాం. చాచా, కొడుకు వాకిట్లో టీ తాగుతున్నారు. ఖాలా నిలబడే బలూచీలో చెప్పింది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు, కానీ చెప్పేది ఏమిటో తెలుసు కాబట్టి చాచా మొహమే చూస్తూ ఉన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఆ తర్వాత ఏదో అడిగాడు. ఖాలా చెయ్యి చాపి సముద్రం వైపు చూపించింది. ఎంత దూరంలో వేశావని అడుగుతున్నాడని కొడుకు మాకు హిందీలో చెప్పాడు.

రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదట. మూడో రోజు, తుపాకి తెచ్చి ఆవిడ చేతికిచ్చి, ఎలా తీశావో చూపించమన్నాడు. ఆవిడ పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ఒక్క దెబ్బకి బోల్టు ఊడదీసింది. ఈ సంగతి మాకు కొడుకు చెప్పాడు. ఆ శుక్రవారం మేం కళ్ళారా చూశాం కూడా. చాచా లోయ కథంతా చెప్పి, చివర ఆవిడ వైపు తిరిగి, మిగతాది నువ్వు చెప్పు అన్నాడు. ఖాలా చెబుతుంటే ఆయన ఆవిడనే చూస్తూ కూర్చున్నాడు. అంతకాలం తుపాకిని చూసిన చూపే అది.

అప్పుడు నాకు తుపాకి మీద ఈర్ష్య పోయి ఆవిడ మీద మొదలైంది. నేను కసి కొద్దీ అన్న ఒక్క మాటతో వాళ్ళ మధ్య ఉన్న ముడి విడిపోయింది. నాకు మాత్రం దాని వల్ల ఒరిగిందేమీ లేదు. ఆ రోజు పైకి వచ్చాక మా ఆయనతో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. తుపాకి గురించి, ఫోటోల గురించి, ఫోరం గురించి. ఆయన మొదట నవ్వారు. నా మొహం చూసి ఆపేశారు. టీ పెట్టనా అన్నారు. పెట్టారు. పంచదార ఎక్కువైంది.

మరుసటి ఏడాది కంపెనీ ఆయన్ని రైసూత్‌కి మార్చింది. ధోఫార్ కొండలు అక్కడికి దగ్గరే. బయల్దేరే రోజు ఖాలా నాకు హల్వా డబ్బా ఇచ్చింది. చాచా మా ఆయన చేతిలో ఒక చిన్న ఇనప క్లిప్పు పెట్టాడు. ఐదు గుళ్ళు వరసగా పట్టుకునేది, ఇప్పుడు ఖాళీ. లోయలో ఆ రోజు జేబులో మిగిలిపోయిందట.

ఇప్పుడది మా ఆయన టేబుల్ మీద ఉంది. వానాకాలంలో కొండ మీదికి పొగమంచు దిగగానే ఆయన దాన్ని జేబులో వేసుకుని, ఆ లోయ ఎక్కడుందో వెతకడానికి బయల్దేరతారు. నేను కూడా కారెక్కుతాను. కొండలు చూడాలనేమీ కాదు. దానితో ఆయన్ని ఒంటరిగా పంపించడం నాకు ఇష్టం లేదు.