శకుంతలవ్వ బిందెను తన్నినవాడు

కాగిన తారురోడ్డు మీద నీళ్ళు పడి ఆవిరి వాసన లేస్తే చాలు, ఈ రోజుకీ నా పిడికిళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి. తొంభైల్లో, పట్నం రేవు పక్క రాయపురంలోని మా సందుకు నీళ్ళ లారీ వచ్చేది. ఆరో క్లాసుకే చదువుకు దణ్ణం పెట్టిన నేను తోయడం, గిల్లడం, జుట్టు పట్టడం అన్నీ ఆ లారీ దగ్గరే పాసయ్యాను.

ఎండుచేపల వాసన మోసుకొచ్చే మే నెల వడగాలిలో, తెల్లారకముందే వరస కట్టిన బిందెల మధ్య, రోజుకొక జడ ఊడొచ్చే ఆ యుద్ధంలోనూ ఒక కట్టడి ఉండేది. మొదటి బిందె శకుంతలవ్వది. ఎనభై ఏళ్ళ అవ్వ ఒంటరిది, మోకాళ్ళు లేవనియ్యవు. ఆమె ఇత్తడి బిందె నింపినవాళ్ళే లోపలికి మోసి, ఇంత రసం అన్నం పెట్టి, మాత్ర మింగించి రావాలి. అలా వంతులమీద ఆమెను ఆమె ఇంట్లోనే నిలబెట్టుకున్నాం.

ఒకరోజు పట్నంలోనే ఇంకో పేట, పురసవాక్కం నుంచి ఆమె చెల్లెలి కొడుకు వరదయ్య, ఇద్దరు మనుషులతో ఆటోలో దిగాడు. అవ్వను ఏదో ఆశ్రమంలో పడేసి ఇంటిని గోడౌను చేసుకోవాలని వాడి ఆశ.

"ఈడ నిన్నెవురు చూస్తారు పెద్దమ్మా, లెయ్."

"నేను రాన్రా. నా సావు ఈడనే."

చంకల కింద పట్టి ఈడ్చుకొస్తుంటే, సొంతవాళ్ళ గొడవ కదా అని సందంతా నోరు తెరుచుకుని నిలబడింది. ఇంతలో ఆటోకు దారి కోసం వరదయ్య అప్పుడే నిండిన మొదటి బిందెను తన్నాడు. వాడు చెడింది అక్కడే. పెద్దమ్మను ఈడిస్తే ఆలోచించేవాళ్ళం. వరసలో ఉన్న బిందెను తన్నితే ఆలోచన ఉండదు.

"యాడ పెట్టినావురా కాలు?" అంటూ మా అమ్మ దొర్లిన బిందెనే ఎత్తి వాడి నుదుటిన వేసింది. ముందురోజే అమ్మ చేతిలో చెవి తెగిన సరోజక్క, "నువ్వు జుట్టు పట్టుకో అక్కా, మూతి నేను చూస్తా" అని రెండోవాడి పన్ను రాలగొట్టింది. నేను మూడోవాడి పిక్క కరిచాను; ఎండుచేపే నయం. నీళ్ళూ నెత్తురూ కలిసి కాలవలోకి పారాయి. ఆటో వాళ్ళకోసం ఆగలేదు.

"మళ్ళా వస్తాడేమే" అని అవ్వ మంచం పట్టె పట్టుకుని అడిగింది.

"రానీలే అత్తా, ఇంకా పళ్ళుండాయి గదా" అంది సరోజక్క.

రాలేదు. అవ్వ నాలుగేళ్ళ తరువాత అదే మంచం మీద, నిద్రలో పోయింది.

ఇప్పుడు నేనుండేది మూడో అంతస్తు. పోయిన వారం ఎదురింటి పెద్దాయనను తీసుకుపోవడానికి ఎవరో వచ్చారు. గుమ్మాన్ని పట్టుకున్న ఆయన వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశారు. ప్రతి తలుపూ నా తలుపులాగే బెత్తెడు తెరుచుకుంది. లిఫ్టు కిందికి దిగాక అందరం గడియలు వేసుకున్నాం.