పైపులైన్ పక్క వీధి

భూమి లోపలి గ్యాస్ పైపుల లెక్కలు చూడటం నా ఉద్యోగం. ఏ పైపులో ఎంత ప్రెషర్ ఉంది, దాని పక్కన ఎన్ని ఇళ్ళున్నాయి, అన్నీ సరిచూసి నియంత్రణ సంస్థకు పంపుతాం. మండపేట దగ్గర అలాంటి ఇళ్ళలో ఒకటి మా పెద్దమ్మది.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ వీధి పక్క పైపులో ప్రెషర్ ఉన్నట్టుండి పడిపోయినట్టు స్క్రీన్ మీద కనిపించింది, అంటే గ్యాస్ ఎక్కడో లీకవుతున్నట్టే. ఊళ్ళోవాళ్ళకు చెప్పమని పైవాళ్ళు ఇంకా అనలేదు. నేను బయటికొచ్చి పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"పొయ్యి ఆపేసి, తాళం వేసి, వెంటనే తణుకులో అమ్మ దగ్గరికి వెళ్ళిపో. ఎవరితోనూ అనకు, నా ఉద్యోగం పోతుంది."

"మరి మిగతావాళ్ళురా?" అంది.

నేను ఫోన్ పెట్టేశాను.

కాసేపటికి తేలింది, పైపుకేమీ కాలేదు, పాడైంది మీటరు. ఈలోగా పెద్దమ్మ ఆ ఎండలో ఇంటింటికీ తిరిగి వీధి వీధంతా ఖాళీ చేయించింది. "ఉద్యోగం పోయినా సరే, మా అబ్బాయి అందరికీ చెప్పమన్నాడండి" అందట.

ఆ ఆదివారం పెద్దమ్మ వాళ్ళ చర్చిలో పాస్టరు గారు నన్ను ముందుకు పిలిచారు. ఉద్యోగం పోయినా ఫర్వాలేదని వీధి వాళ్ళందరి కోసం ఆలోచించిన బిడ్డనంటూ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నేను తలెత్తలేకపోయాను. దాన్ని వినయమనుకున్నారు. అంతమందిలో నిజం తెలిసిన పెద్దమ్మ ఒక్కతీ లేచి నా చెంప పగలగొడితే బాగుండుననిపించింది.

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది పెద్దమ్మే.